లెటీ తల్లి ఎవరు?

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది నలుగురు. పొయ్యి పక్కన అడవి ఉల్లికాడలు తరుగుతున్న హెప్సీ అమ్మమ్మ, ఆవిడ కూతురి కొడుకు ఎమ్మెట్, వెనక వరండాలో కునుకు తీస్తున్న ఆవిడ తమ్ముడు జోనాస్, వంటింటి బల్ల నిండా కాగితాలు పరుచుకుని ఓపిక నశిస్తున్న కోరా.

"చెప్పండి అమ్మమ్మా, లెటీ తల్లిది ఏ వంశం?" కోరా మళ్లీ అడిగింది.

"ఏ లెటీ?"

"లెటీ మెకాయ్! ఇంగ్లీషు దొరల కాలంలో, జార్జియాలో, స్కాట్లండు వర్తకుడికీ మన క్రీక్ తెగ ఆడమనిషికీ పుట్టిన లెటీ. ఇందాకట్నుంచీ ఆవిడ గురించే కదా అడుగుతున్నా!"

"అలాగా. ఈ ఏడు ఉల్లికాడలు మరీ లేతగా ఉన్నాయి," అంది హెప్సీ.

కోరా పళ్లు నూరుకుంది. ఆకులు రాలే కాలానికి పెళ్లి చేసుకుందామని ఎమ్మెట్ ఎప్పుడో అడిగాడు. మీ అమ్మమ్మ నన్ను మీ మనిషిగా ఒప్పుకున్నాకే, అని తనే పంతం పట్టింది. ఎక్కడో అలబామాలో, తల్లి లేకుండా పెరిగిన పిల్ల. ఓక్లహోమాలోని ఈ పల్లెలో ఎవరెదురైనా ముందు "ఎవరి పిల్లవి?" అనే అడుగుతారు. హెప్సీ మాత్రం ఒక్కసారీ అడగలేదు. అడిగే విలువ కూడా నాకు లేదన్నమాట, అని కోరా లోలోపలే కుమిలింది. అందుకే ఈ తవ్వకం. ఇక్కడ వంశం తల్లిదే కదా అని తల్లి, తల్లి తల్లి, ఆవిడ తల్లి... అలా వెతుక్కుంటూ లెటీ దాకా పాకింది. అక్కడ దారి మూసుకుపోయింది. లెటీ తండ్రి పేరు, ఆయన పడవ పేరు, ఆఖరికి ఆయన గుర్రం పేరు కూడా రాసుకున్న దొరలు తల్లి దగ్గరికొచ్చేసరికి "ఒక క్రీక్ స్త్రీ" అని ఊరుకున్నారు.

"మీ ఇంట్లో లెటీ కథలు చెప్పుకుంటారటగా. ఎమ్మెట్టే అన్నాడు."

"వాడి మాటకేం, పుట్టినప్పట్నుంచీ వాగుతూనే ఉన్నాడు."

"కోరా, ఇక కట్టిపెట్టు. పద, అలా ఊళ్లోకి పోయొద్దాం," అంటూ ఎమ్మెట్ కాగితాలు మడవబోయాడు. ఆమె అతని చేతిమీద ఒక్కటిచ్చింది.

"నీకూ పట్టదా? రేపు పెళ్లిలో మీవాళ్లంతా ఎవర్తో పరాయి పిల్ల అంటే నీకు బావుంటుందా?"

"బావుంటుంది."

"సిగ్గులేదూ!"

"నాకూ బావుంటుంది," అని గొణిగింది హెప్సీ. "పరాయి పిల్లకేం తక్కువ? గుడ్లలో ఉల్లికాడలు వేస్తున్నా, తిను."

"తినను. లెటీ తల్లిది ఎలుగుబంటి వంశమా, జింక వంశమా?"

"ఎలుగుబంటే. రాసుకో."

"నిజంగానా?"

"పోనీ బంగాళాదుంప వంశం. ఏదో ఒకటి రాసి మూసెయ్యవే, నీకు పుణ్యముంటుంది!"

"నేనంటే మీకు ఇంత చులకనా!" కోరా అరిచేసింది.

ఆ అరుపుకి వరండాలో కునుకు చెదిరింది. జోనాస్ తాత కళ్లు నులుముకుంటూ లోపలికొచ్చాడు.

"లెటీ అంటున్నారు, మెకాయ్ లెటీయేనా?"

"జోనాస్, నువ్వెళ్లి పడుకో," అని హెప్సీ గరిటె ఎత్తింది.

"పడుకున్నది చాల్లే. మొగుడి కోటు తొడుక్కుని, గుర్రమెక్కి దొరల పంచాయితీలకి వెళ్లేదట. గాలి వంశం ఆడదంటే అదీ! ఆవిడ సొంత అక్క సంతానమే కదే మనం?" ఆయన కోరా వైపు తిరిగాడు. "నీ వరస ఆవిడ దాకా అమ్మ నుంచి కూతురికే వచ్చిందా? మధ్యలో మగాడెవడూ లేడా?"

"ఒక్కడూ లేడు!"

"అయితే ఇంకేం, నువ్వూ గాలి వంశం పిల్లవే!"

కోరాకి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. "విన్నారా అమ్మమ్మా? నేను మీదాన్నే!"

హెప్సీ పొయ్యి ఆపేసి కుర్చీలో కూలబడింది. "నీ నోరు పడిపోనూ," అంది తమ్ముడితో. కాసేపటికి కోరాని దగ్గరికి లాక్కుని తల నిమిరింది. "అవునే తల్లీ. మాదానివే." ఆవిడ కళ్లు తడిశాయి.

ఎమ్మెట్ కాగితాలన్నీ చుట్టాడు. వాటిని ఆమె చేతిలో పెట్టి గుమ్మం దాకా వచ్చాడు. మెట్లు దిగాక కోరా వెనక్కి తిరిగింది.

"నువ్వు రావా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"జాగ్రత్తగా వెళ్లు, చెల్లీ," అంటూ తలుపు వేశాడు.