దసరా బొట్టు

ఫోను చెప్పనిదే ఇంటి తలుపు తెరుచుకోదు, కుళాయి నీళ్లివ్వదు. రెండేళ్ల కాంట్రాక్టు మీద తెచ్చిన ఆ ఫోను నాలుగో నెలలోనే మూగబోయింది. భర్త పేరయ్య లోపల, భ్రమరాంబ బయట. కిటికీలోంచి ఆయనకు రెండు అరటిపళ్లు, చెంబుడు నీళ్లు అందించి, ఆవిడ తెనాలి సర్వీసు సెంటరుకు ఆటో ఎక్కింది.

కౌంటర్లో ఉన్న మరమనిషి ఫోను విప్పి చూశాడు. "లోపల కుంకుమ ఉందమ్మా. తప్పు మీదే. ఫోను మార్చడం కుదరదు. కాంట్రాక్టు మాత్రం రెండేళ్లూ నడవాల్సిందే."

"దసరాకి పనిముట్లకి బొట్టు పెట్టకుండా ఎలా ఉంటాం నాయనా? నా కుట్టుమిషనుకీ పెట్టాను. అది శుభ్రంగా కుడుతోంది."

"కుంకుమ తగిలితే యంత్రాలు పాడవుతాయండి. కంపెనీ మాట."

భ్రమరాంబ కళ్లజోడు సవరించుకుని అతని ముఖంలోకి తేరిపార చూసింది. "మరి నీ నుదుట ఆ బొట్టెవరు పెట్టారు?"

"మా మేనేజరుగారు. దసరా పూజలో."

"అప్పట్నుంచి ఒక్కరోజైనా పాడయ్యావా?"

"లేదండి" అని గర్వంగా అనేశాక మరమనిషికి విషయం అర్థమైంది. చెయ్యి మెల్లగా నుదుటి మీదికి పోయింది.

"తుడవకు నాయనా" అంది భ్రమరాంబ, వరుసలో ఉన్న నలుగురికీ వినపడేలా. "వినియోగదారుల కోర్టుకి నా సాక్ష్యం అదే. కొత్త ఫోను తెస్తావా, నిన్నే ఆటో ఎక్కించమంటావా?"