గేటు దగ్గర ముసలాయన

బస్సు కిటికీలోంచి ఆమెకి కనబడింది సొంత కూతురే.

సాయంత్రం స్కూలు వదిలిన వేళ, గేటు పక్కన ఎవరో ముసలాయన చెయ్యి చాపాడు. అమ్మాయి అటూ ఇటూ చూసి, అతని చేతిలోది గబుక్కున తీసుకుని బ్యాగులో పడేసుకుంది.

ఆమె సీట్లోంచి లేచేలోపే బస్సు కదిలిపోయింది.

కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని ఆమెది. సన్నటి గీతనైనా పట్టేసే ఆ కళ్లు ఇంట్లో సంగతి మాత్రం కొన్నాళ్లుగా చూసీ చూడనట్టు వదిలేస్తున్నాయి.

కుళాయి తిప్పేసి బాత్రూంలోంచి ఎంతకీ బయటికి రాని కూతురు. చలిలో కూడా తెరిచే ఉంచే కిటికీ. గదినిండా పండ్ల మిఠాయి వాసన. అడిగితే కొత్త షాంపూ అనేది. అన్నం ముందు కాలు నిలిచేది కాదు. లేచి ఒకసారి గదిలోకి వెళ్లొస్తే చాలు, కుదుటపడేది.

ఆ రాత్రే బ్యాగు వెతికింది. పెన్‌డ్రైవంత వేప్ దొరికింది, పొగకి బదులు ఆవిరి పీల్చే ఎలక్ట్రానిక్ సిగరెట్టు.

ఎవరిచ్చారని ఎంత నిలదీసినా అమ్మాయి నోరు మెదపలేదు. చెప్పక్కర్లేదు కూడా. తను కళ్లారా చూసింది.

మర్నాడు పొద్దున, పిల్లలు లోపలికి వెళ్లిపోగానే కాపలావాణ్ణి వెంటబెట్టుకుని ముసలాయన్ని పట్టుకుంది. జనం మూగారు. కోటు జేబులు తిరగేస్తే వేప్‌లు జలజలా రాలాయి. ఎర్రవి, నీలంవి, ఆటబొమ్మల్లా ఉన్నాయి.

"పసిపిల్లలకా ఇవి అమ్మేది? ఎవడిస్తున్నాడు నీకు?"

ముసలాయన మూగిన జనం వంక ఒక్కసారి చూశాడు. కాపలావాడు కాలరు పట్టుకున్నా విడిపించుకోలేదు. ఆ ఇచ్చేవాడి పేరు చెబితే వదిలేస్తామన్నారెవరో. ఆయన తల దించుకుని, ఇంకెప్పుడూ ఇటు రానులెండి అన్నాడు.

నిజంగానే రాలేదు. పీడ విరగడైందనుకుంది ఆమె.

నెల తిరక్కుండానే అమ్మాయి ఊపిరాడక క్లాసులో పడిపోయింది. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయనీ, కోలుకున్నా ఇదివరకటిలా పరుగెత్తలేకపోవచ్చనీ డాక్టరు చెప్పాడు.

మంచం మీద అమ్మాయి ఆక్సిజన్ మాస్కు కాస్త పక్కకి జరిపింది.

"ఆ తాత అమ్మలేదమ్మా. స్కూల్లోనన్నా పీల్చొద్దని ఆయన బతిమాలితే, పొద్దున లోపలికెళ్తూ మేమే ఆయన చేతిలో పెట్టేవాళ్లం. సాయంత్రం అడిగితే ఇచ్చేసేవాడు. అడక్కపోతే ఎంత సంతోషించేవాడో. చాలామంది అడగడం మానేశారు. నేనూ మానేసేదాన్నే."

ఆయన వెళ్లిపోయాక ఇంకోటి కొనుక్కుందట. దాచిపెట్టే చెయ్యి లేక, ప్రతి పీరియడ్ అవగానే బాత్రూంలోకి పరుగేనట.

"ముందే చెప్పొచ్చు కదే నాతో!"

"చెబితే నమ్మేదానివా?"

ఆమె పక్కకి జరిగిన మాస్కుని మళ్లీ కూతురి ముఖానికి సర్దింది.

ఆయన కాళ్ల మీద పడాలని ఊరంతా వెతికింది. ఎవరికీ తెలియదు. చివరికి కూతురు వేప్ కొన్న దుకాణానికి వెళ్లింది. స్కూలు వెనక వీధిలో సెల్‌ఫోన్ కవర్లు అమ్మే కొట్టు అది. కడిగేయాలనే వెళ్లింది. కానీ కొట్టతను అప్పటికే అరల్లో వేప్‌లన్నీ దులిపి గోనెసంచిలో కుక్కుతున్నాడు.

కోటు వేసుకుని గేటు దగ్గర నిలబడే ముసలాయన ఎక్కడుంటాడో తెలుసా అని అడిగింది.

అతను సంచి వదిలేసి నేలమీదే కూలబడ్డాడు.

"ఆ రోజు నుంచీ ఇంటికి రాలేదండీ. నేనూ వెతుకుతున్నాను. ఆవేళ ఆ గుంపులో నేనూ ఉన్నాను... ఎవడిస్తున్నాడని మీరడిగినప్పుడు, మా నాన్న నా వంక ఒక్కసారి చూసి తల దించుకున్నాడు."