దిగువ కాయల నూనె

"ఈసారి కూడా తక్కువని తేల్చావంటే చెట్లు కొట్టేసుకుంటాం పెద్దాయనా. ఆ గొడ్డలి చప్పుడు కూడా వినిపోదువుగాని," అంది అక్క.

చుక్కలాయన తలెత్తలేదు. సెంట్లలోకి వాడే నిమ్మనూనె తీసే షెడ్డు అది. ఏ తోట తొక్కలో ఎంత నూనె ఉందో గాజు గొట్టంలో చుక్కలు చూసి చెప్పడం ఆయన పని. అందుకే ఆ పేరు. కొండ తోటలవాళ్ళకి ఎక్కువ, ఏటి ఒడ్డు వాళ్ళకి తక్కువ. ఏటా ఇదే పాట. ఇవాళ కూడా అదే తేలితే వచ్చే పంట నుంచి ఏటి ఒడ్డుకి లారీ రాదని మేనేజరు చెప్పేశాడు. ఆ లారీ తప్ప ఆ కాయల్ని అడిగే నాథుడు లేడు.

తప్పు నేలది కాదు, లారీది అని అక్క వాదన. కింద వేడి, కాయ తొందరగా ముగ్గుతుంది. కొండ మీద చలి, నింపాదిగా రంగు తిరుగుతుంది. లారీ మాత్రం రెండు చోట్లకీ ఒకే రోజు వస్తుంది. ఆ రోజుకి పైవాళ్ళ కాయ దోరగా నిగనిగలాడుతుంటుంది, ఏటి ఒడ్డుది ముగ్గి తొక్క మెత్తబడి ఉంటుంది. ముగ్గితే తొక్కలో నూనె పడిపోతుందని చెప్పింది చుక్కలాయనే. మరి ఇదేం పోటీ? అరిచి అరిచి ఆమె గొంతు పోయింది గానీ లారీ రోజు మారలేదు. అందుకని ఈసారి చెట్టు చెట్టూ గాలించి, ఆలస్యంగా కాసిన కొమ్మల్లోంచి దోరకాయలే ఏరి తెచ్చింది. పైవాళ్ళ కాయల పక్కన పోస్తే ఏవి ఎవరివో కన్నతల్లి కూడా చెప్పలేదు.

"దోరకాయ తెచ్చావు, బాగుంది," అన్నాడు చుక్కలాయన నీరసంగా. "కానీ నేల కూడా ఉంటుందమ్మా. ఒకే మొక్క రెండుచోట్ల నాటితే రెండు రకాలవుతుంది."

"నేలని నువ్వెప్పుడు చూశావు? నువ్వు చూసేది మూత మీద రాత."

పక్కన గాజు సామాన్లు కడుగుతున్న చెల్లెలు ఊరుకోమన్నట్టు చూసింది. ఆమెని ఇచ్చింది కొండ మీది ఇంటికే. ఈ తగువు మొదలయ్యాక అత్తింట్లో ఆమె ఏటి ఒడ్డు వేగు, పుట్టింట్లో పైవాళ్ళ కోడలు. రెండు వైపులా మద్దెల దెబ్బలే. పొద్దుటినుంచీ ఏమైనా తిన్నావా అని అక్కని అడిగింది. పైవాళ్ళ పరామర్శలు తనకక్కర్లేదంది అక్క.

రెండు తోటల తొక్కలూ తురిమి ఒకేలాంటి రెండు డబ్బాల్లో పోశారు. ఒక మూత మీద 'కొండ', ఇంకో మూత మీద 'ఏరు' అని రాసి ఉంది. నీళ్ళు కాగేదాకా అందరూ భోజనాలకి లేచారు. అక్క వెనకబడింది. 'కొండ' మూత తీసి తమ డబ్బాకి పెట్టింది, 'ఏరు' మూత పైవాళ్ళ డబ్బాకి పెట్టింది. భయం వేయలేదు. భయపడే ఓపిక కూడా అయిపోయింది. గుమ్మం దాటుతుంటే కడిగిన గొట్టాలతో చెల్లెలు ఎదురొచ్చింది. అక్క ముఖం తిప్పుకుని పోయింది.

మధ్యాహ్నం రెండు తోటలవాళ్ళూ గుమిగూడారు. ఆవిరి పట్టింది, చల్లారింది, గొట్టాల్లో నూనె తేలింది. చుక్కలాయన కళ్ళజోడు సర్దుకుని ఒకటికి రెండుసార్లు చూశాడు.

"కొండవాళ్ళదే. దాదాపు రెట్టింపు."

పైవాళ్ళు నవ్వుకున్నారు. అక్క లేచింది.

"మూతలు నేను మార్చాను. నువ్వు కొండవాళ్ళదంటున్నది మా కాయ."

మేనేజరు గబగబా వచ్చి గొట్టాల్లోకి తనే తొంగి చూశాడు. నిజమే, 'కొండ' డబ్బాదే ఎక్కువ. ఏటి కాయకి ఇంత నూనె దిగదనీ, ఈ వాసన కూడా కొండదేననీ చుక్కలాయన గొణిగాడు.

"వాసన కూడా మూత మీదే రాసుందా?" అంది అక్క.

ఈసారి ఏటి ఒడ్డువాళ్ళు నవ్వారు. ఇన్నేళ్ళు మా నోట్లో మట్టి కొట్టాడని ఒకామె శాపనార్థాలు మొదలుపెట్టింది. గొడవ పెరగకముందే మేనేజరు తేల్చేశాడు. వచ్చే పంటకి లారీ ముందు ఏటి ఒడ్డుకే వెళుతుంది. ఇక చుక్కలాయన ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోవచ్చు.

చుక్కలాయన కళ్ళజోడు తుడిచి పెట్టుకుని గొట్టం ఇంకోసారి చూశాడు. మళ్ళీ తీసేశాడు.

"అయితే ఇన్నాళ్ళూ నేను చూసిందేమిటి?" అన్నాడు, ఎవరినీ అడగకుండా.

దారులు చీలేదాకా అక్కచెల్లెళ్ళది ఒకటే తోవ. గెలిచిన ఉత్సాహమేమీ లేదు అక్కలో. కాళ్ళీడుస్తూ నడిచింది. చెట్లు మిగిలాయి, అంతే చాలనుకుంది. చెల్లెలు మాత్రం షెడ్డు దగ్గర్నుంచీ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

"అత్తింటివాళ్ళు ఓడారనా ఆ ఏడుపు?"

చెల్లెలు తల అడ్డంగా ఊపింది.

"ఆ ముసలాయన మీద జాలా? మూత చూసి చెప్పేవాడికి జాలేంటే?"

చెల్లెలు కల్వర్టు గట్టు మీద కూలబడింది. అక్క కూడా పక్కనే కూర్చుంది. చాలా రోజుల తర్వాత ఇద్దరూ అలా కూర్చోవడం.

"నువ్వు ఓడిపోతే చూడలేననిపించింది," అంది చెల్లెలు.

"ఓడలేదుగా."

చెల్లెలు నేల చూస్తూ చెప్పింది.

"నువ్వు మార్చావని తెలీక, నువ్వటు వెళ్ళగానే నేనూ మూతలు మార్చానక్కా."