ఆఖరి కుర్చీ

“ఆఖరి కుర్చీలో కూర్చునే అబ్బాయికి మాత్రం తెలియకూడదమ్మా. మిగతావాళ్ళంతా మనవాళ్ళే,” అన్నారు ప్రొఫెసరు గారు తలుపు దగ్గరగా వేసి.

అడుగుల చప్పుడు వినబడకుండా వచ్చి వెనక నిలబడతారని, సైకాలజీ పిల్లలు ఆయనకు పెట్టుకున్న పేరు పిల్లిగారు.

పని చిన్నదే. గోడ మీద పైన ఒక గీత, కింద మూడు గీతలు వేసి చూపిస్తారు. పై గీతతో సమానంగా ఉన్నది ఏదో చెప్పాలి. పసిపిల్లలైనా చెప్పేస్తారు. కానీ అందరూ కూడబలుక్కుని తప్పు గీతనే చెప్పాలి. ఆఖరివాడు తన కంటికి కనబడింది చెబుతాడా, మందతో పాటు పోతాడా? అదీ ప్రయోగం.

“రెండో సెక్షను వాళ్ళకి కూడా చేసేదాకా ఎవరితోనూ అనకు. నోరు జారావో, నీ ప్రాక్టికల్ మార్కులు గోవిందా!”

ఆమె గుండెలో రాయి పడింది. ఆఖరి కుర్చీలో కూర్చునేది కూడా రాయే.

అన్న మాట మీంచి కదలడని క్లాసంతా అతన్ని రాయి అనే పిలుస్తుంది. డిగ్రీ ఆఖరి ఏడాదికి వచ్చేసరికి ఆమె మనసు ఆ రాయి మీదే స్థిరపడింది. వచ్చే ఆదివారం అతను తన ఇంటికి వెళ్ళి తమ పెళ్ళి మాట ఎత్తాలి. తాతయ్య, ఇద్దరు పెదనాన్నలు, మేనత్త. ఒకరు దగ్గితే మిగతావాళ్ళకీ దగ్గు వచ్చే ఇల్లు అది.

“అందరూ ఒక్కటై కాదన్నా నేను కదలను. చూస్తూ ఉండు,” అనేవాడు.

చూడటానికి ఇప్పుడు దారి దొరికింది.

బయటికి వచ్చేసరికి కుళాయి దగ్గర అతనే ఎదురయ్యాడు.

“పిల్లిగారు ఎందుకు పిలిచారట?”

“అటెండెన్స్ తగ్గిందట.”

“పొద్దున నన్నూ అందుకే పట్టుకున్నారు,” అన్నాడు మూతి తుడుచుకుంటూ.

మర్నాడు మూడో అంతస్తు గదిలో తెరలు దించారు. కింద రోడ్డు మీద బస్సుల మోత. కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. ఆఖర్న అతను, అతని పక్కన ఆమె.

గోడ మీద గీతలు పడ్డాయి. మూడోదే సమానమని తెలుస్తూనే ఉంది.

“రెండు,” అన్నాడు మొదటివాడు. “రెండు,” అంది పక్క అమ్మాయి. రెండు, రెండు అంటూ మాట దొర్లుకుంటూ ఆమె దాకా వచ్చింది.

“రెండు,” అంది ఆమె.

అతను గోడ వైపు చూడలేదు. ఆమె వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. నిట్టూర్చాడు.

“రెండు.”

గీతలు మార్చి మార్చి చూపించారు. అతను మాత్రం ప్రతిసారీ మందలోనే నడిచాడు.

క్యాంటీన్లో అతని టీ మీద మీగడ కట్టింది.

“ఎందుకలా చెప్పావు?” అంది.

“నువ్వు చెప్పలేదూ?”

“నా సంగతి వేరు.”

“అవును మరి. ఎవరి సంగతి వాళ్ళకి వేరేలే.”

వెటకారం కూడానా! ఆమెకు ఒళ్ళు మండింది.

“అందరూ రాయంటే నమ్మాను. తీరా చూస్తే మట్టిబెడ్డవి. నాలుగు చినుకులకే కరిగిపోయావు. ఆదివారం ఇంట్లో మన మాట ఎత్తక్కర్లేదు.”

బతిమాలతాడనుకుంది. కనీసం పోట్లాడతాడనుకుంది.

“సరే. నేనూ అదే చెబుదామని వచ్చాను,” అని లేచాడు.

దీనికి కూడా ఎదుటివాళ్ళ మాటకే తాళం వేశాడు చూడు, అనుకుంది.

ఆదివారం ఇంటికి వెళ్ళినవాడు, పెదనాన్నలు చూపించిన సంబంధానికి తలూపి వచ్చాడు. కబురు క్లాసంతా పాకింది. ఆమె హాస్టల్ గదిలో దిండు తడిపి, ముఖం కడుక్కుని, చదివిన చదువు ఇందుకైనా పనికొచ్చిందని స్థిమితపడింది.

రెండో సెక్షను వంతూ అయిపోయింది. ప్రొఫెసరు గారు ఆమెను ప్రశ్నలడగడానికి పిలిచారు.

“ఆఖరి కుర్చీ అబ్బాయి తప్పెందుకు చెప్పాడంటావు?”

“వెన్నెముక లేక, సార్. పుట్టుకతో వచ్చిన బుద్ధి.”

“మరి నువ్వూ తప్పే చెప్పావుగా?”

“మీరు చెప్పమన్నారు కాబట్టి చెప్పాను, సార్.”

పిల్లిగారి ముఖం పాలగిన్నె కనబడ్డట్టు వెలిగింది.

“అతనూ నేను చెప్పమంటేనే చెప్పాడమ్మా, ఆ గదిలో ఏమీ తెలియనిదానివి నువ్వొక్కదానివేనని ముందురోజు పొద్దున్నే అతనికి చెప్పి ఉంచాను.”