చీటీ మీద పేరు

"ఆదినారాయణ ఎవురప్పా? నీ గుండె ఆగి ఆగి కొట్టుకుంటాంది. డాక్టరు జల్దీగా రమ్మంటాండాడు."

కాంపౌండరు కేకకు జమ్మలమడుగు ఆసుపత్రి వరండా అంతా ఆదినారాయణ వైపు చూసింది.

"నాకేం రోగం? దడ మా ఆడమనిషికి."

ఈసీజీ చీటీ మీద మాత్రం ఆయన పేరే ఉంది.

డాక్టరు వచ్చి బెంచీ మీదున్న ఆదినారాయణ భార్య వసంతమ్మ చెయ్యి పట్టుకు చూశాడు. ముఖం మారిపోయింది.

"ఈమెను ఇప్పుడే తిరుపతికి తీసుకుపోండి."

వసంతమ్మ అంతకుముందు ఆరు నెలల్లో రెండుసార్లు కళ్లు తిరిగి పడింది. రెండుసార్లూ ఇక్కడే ఈసీజీ తీశారు. డాక్టరు చీటీ విప్పలేదు. ఫ్యాక్షన్ ఊరు గదా, బాంబుల భయమని నిద్రమాత్రలిచ్చాడు. ఊళ్లో తాయెత్తు కట్టారు. రెండూ ఒకటే పని చేశాయి.

జీపు ఎక్కబోతూ ఆదినారాయణ ఈసీజీ తీసే అన్నమ్మ ముందు ఆగాడు.

"నా పేరెందుకు రాసినావు? ఎవురికి మోస్తాండావు నా కబుర్లు?"

"పొరపాటు పడినాప్పా."

ఆయన నమ్మలేదు. ఆ రోజుల్లో కాగితం మీద పేరెక్కిందంటే పోలీసు కేసులోనైనా ఎక్కినట్టు, ఎదుటి పార్టీ జాబితాలోనైనా ఎక్కినట్టు. ఆమెను తీసేయమన్నాడు. రెండు బాంబు కేసులున్న మనిషి అడిగితే కాదనే మేనేజరు ఎవరు? అన్నమ్మ ఉద్యోగం పోయింది.

తిరుపతిలో వసంతమ్మ రొమ్ము పైభాగాన, గుండె ఆగకుండా కొట్టుకునేట్టు చేసే చిన్న మిషన్ పెట్టారు. మూడు నెలలకు ఆమె ఎవరి ఆసరా లేకుండా జమ్మలమడుగు ఆసుపత్రి మెట్లెక్కింది. చేతిలో నువ్వుల ఉండల డబ్బా. వెనకే మొగుడు.

"అన్నమ్మక్క యాడుంది?"

"ఆమెను అప్పుడే తీసేసినారు గదమ్మా. పులివెందులలో చేరిందంట. ఆడ గూడా పేర్లు తప్పే రాస్తాందంట," అంటూ కాంపౌండరు రిజిస్టరు చూపించాడు. అన్నమ్మ తప్పు రాసిందన్న పదకొండు పేర్లకు ఎర్రసిరా సున్నాలు చుట్టి ఉన్నాయి.

ఆదినారాయణ వేలు ఒకచోట ఆగింది. "ఈ పాలయ్య మా ఎదుటి పార్టీవాడు. ఎద్దు మాదిరి ఉండాడు. రోగం వాని పెండ్లానికి గదా?"

వసంతమ్మ కింది పేరు చూసింది. "ఈ నారాయణకూ ఏం లేదు మామా. దడ ఆయన పెండ్లాం గోవిందమ్మకు."

కాంపౌండరు పాత రిజిస్టర్లు తెచ్చి ఆ ఆడవాళ్లు ముందు వచ్చిన రోజులు వెదుకుతూ ఒక్కొక్కటే తిరగేశాడు. ఆదినారాయణకు సిగ్గేసింది.

ఆ పదకొండు మగపేర్ల వెనకా భయమని నిద్రమాత్రలిచ్చి పంపేసిన పదకొండుమంది ఆడవాళ్లున్నారు. మగవాడి చీటీ అనుకుని డాక్టరు విప్పి చూసినందుకు, ఆ పదకొండుమందీ ఈ రోజు బతికే ఉన్నారు.