పాట ఆగేదాకా

"జోరుగా వాయించరా మలాకీ! కాలుతోపాటు చెయ్యి కూడా పోయిందా ఏంటి?"

కొట్టం తలుపు ఊడదీసి పెరట్లో పరిచారు. అలా అరుస్తూ డెర్మట్ దొర దాని మీద చిందులేస్తున్నాడు. కోతలు ముగించిన కూలీలు చుట్టూ చేరి ఈలలు వేస్తున్నారు.

మలాకీ కర్రకాలు చాపుకుని ఫిడేలు జోరు పెంచాడు. ఒకప్పుడు ఈ తలుపు మీద అతన్ని మించిన ఆటగాడు లేడు. గాల్వే పల్లెల్లో పాట ఆగకముందే తలుపు దిగినవాడికి మళ్లీ ఆడడానికి మొహం చెల్లదు.

మలాకీ పాట ఆపలేదు. దొర మొహం కందగడ్డలా అయింది.

"చాల్రా, ఇక ఆపు!"

"దిగిపోండి దొరా. ఎవరొద్దన్నారు?"

దొర కూలీల వైపు చూశాడు. దిగలేదు.

"గుండె ఆగిపోయేలా ఉందిరా. నీకు దణ్ణం పెడతా, ఆపు!"

"నూర్పిడి మిషన్లో కాలు ఇరుక్కున్నప్పుడు నేనూ ఇలాగే అరిచాను. 'ఈ మోపు పూర్తవనీరా' అన్నారు మీరు."

ఈలలు ఆగిపోయాయి. పదేళ్లలో మొదటిసారి దొర ఆ కర్రకాలి వంక చూశాడు. మళ్లీ అడుగు వేశాడు.

మలాకీ పాటను మొదటినుంచీ ఎత్తుకున్నాడు.