సారక్క తెచ్చే అంగీ

“మళ్ళ గదే సైజు! ఇందుల నీ అసొంటోళ్ళు ఇద్దరు పడుతరు.”

శోభ కొత్త చొక్కాను మొగుడు నర్సింగం భుజాలకు ఆనించి చూసి మూతి తిప్పింది. పెరట్లో నర్సింగం అక్క సారక్క కాళ్ళు కడుక్కుంటోంది. ఏటా తమ్ముడి పుట్టినరోజుకు ఆమె గోలేటిలో పొద్దున్నే బస్సెక్కి గోదావరిఖనిలో దిగుతుంది. తెచ్చేది ఒక చొక్కా, పావుకిలో కోవా. బదులుగా శోభ చీర పెట్టి పంపాలి. ఈ ప్రేమంతా ఆ చీర కోసమేనని శోభ ఎప్పుడో కనిపెట్టేసింది. ఆమెకు తెలియని విషయమంటూ లోకంలో లేదు.

“మెల్లగ మాట్లాడు, అక్క ఇంటది,” అన్నాడు నర్సింగం.

“విననియ్యి. పెండ్లయినప్పటి సంది చూస్తున్న. సొంత తమ్ముని కొలత తెల్వదా? పైంగ అంగీకి బొట్టు పెట్టి ఏడుసుడొకటి! పుట్టినరోజు నాడు అపశకునం గాదా?”

నర్సింగం పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పోయినేడు బొగ్గుబాయి నుంచి రిటైరయ్యాక ఆయనకు ఇదొక్కటే డ్యూటీ.

“వయసు దాచుడు సూడు! నీకు ఇయ్యాలటికి అరువై రెండు నిండినయి. మీ అక్కకు ఆధార్‌ల ఇంక అరువై ఒకటేనట. అక్క తమ్మునికంటె చిన్నదెట్లయింది?”

“రాసినోళ్ళు తప్పు రాసి ఉంటరు తియ్.”

“దొంగ కాగితాలతోటే బతుకుతరు కొందరు. పక్కింటి గట్టయ్య సూడు, వేరేటోని పేరు మీద బాయిల దిగిండట. అందరికి తెలిసి ఇజ్జత్ పాయె. గసొంటోళ్ళ ఇంట్ల నేనైతే మంచినీళ్ళు గూడ ముట్ట.”

పేపరు ఇంకాస్త పైకి లేచింది. మొగుడు నోరు మూసుకున్నాడంటే తాను చెప్పింది నిజమేనని శోభ లెక్క.

సారక్క లోపలికి వచ్చి కూర్చుంది. చొక్కా కాలరుకు బొట్టు పెట్టి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఈ నాటకానికి ఇవాళ్టితో తెర దించాలనుకుంది శోభ.

“వదినె, ఒక్క మాట. ఇగ ఈ పుట్టినరోజు పెట్టుపోతలు బంద్ జేద్దాం. చిన్నపిల్లలమా? నువ్వు గంత దూరంకెల్లి వచ్చుడెందుకు, నేను చీరలు కొనుడెందుకు?”

“నాకు చీర వద్దు శోభా. అంగీ మాత్రం తెస్త.”

“తెచ్చి ఏం లాభం? ఆయన ఒక్కనాడన్న తొడిగిండా? బీరువ నిండ గవ్వే. ఈసారి పాతసామానోనికి ఏస్త.”

సారక్క ముఖం పాలిపోయింది. “నర్సింగం అంగీలు పాతసామానోనికి ఏస్తవా?”

“ఏస్త! నర్సింగానికి సరిపోని అంగీలు నర్సింగం పెండ్లానికి ఎందుకు?”

“నర్సింగానికి గిదే సైజు.”

శోభ పకపకా నవ్వింది. “మనిషి నీ ముందలనే కూసున్నడు గద! జర అద్దాలు పెట్టుకొని సూడు వదినె.”

నర్సింగం పేపరు మడిచి పక్కన పెట్టాడు.

“చెప్పక్కా. ఇగ నౌకరి పోతదన్న ఫికర్ లేదు.”

సారక్క చొక్కాను ఒళ్ళోకి తీసుకుంది.

“నర్సింగం మా పెద్దన్న. బాయిల నౌకరి కాగితం చేతికొచ్చిన వారానికే కామెర్లతోటి పోయిండు. ఇయ్యాల పుట్టినరోజు ఆయనది.”

శోభ నవ్వు ఆగిపోయింది. తన మొగుడి వంక కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

“మరి... ఈయన?”

“నీ మొగడు భూపాల్, శోభా.”